జొన్నరొట్టె, పేగు, దిగులు

1960లలో హైదరాబాద్ ఆసుపత్రులకు ఒక రకం రోగులు వస్తూండేవారు. ఎక్కువమంది కూలినాలి చేసుకొనేవాళ్లు, మెట్ట పొలాల మీద బతికే బీదవాళ్లు. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, పగిలి, పొలుసులు లేచి ఉండేది. నోరు పూసి, నాలుక ఎర్రబారి ఉండేది. విరేచనాలు పట్టుకుంటే వదిలేవి కావు. వీటితోపాటు చర్మం మీద వెతికితే కనబడని లక్షణం ఇంకొకటి ఉండేది. మనిషి ముడుచుకుపోయేవాడు. నిద్ర పట్టేది కాదు, దేనిమీదా ధ్యాస నిలిచేది కాదు, దిగులు కమ్ముకొనేది. జబ్బు ముదిరితే మతి కూడా తప్పేది.

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. మన దక్కను పీఠభూమిలో అది జొన్న తప్ప మరో తిండి పెద్దగా ఎరగనివాళ్లకు వచ్చేది.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ రోగులను ఏళ్ల తరబడి పరిశీలించింది. కమల కృష్ణస్వామి, పి.ఎస్.వి. రమణమూర్తి అనే పరిశోధకులు ఒక అడుగు ముందుకు వేసి, పెల్లాగ్రా రోగుల రక్తంలోని ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ అనే రసాయనం ఎంత ఉందో కొలిచారు. దిగులుతో ఉన్న రోగుల్లో అది తక్కువగా కనిపించింది. 1970లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పేగు బాగుంటే మనసు బాగుంటుందన్న మాట ఈ రోజు ఏ ఫోను తెరిచినా వినిపిస్తోంది. ఆ మాట ఇంతగా చలామణీలోకి రాకముందే, హైదరాబాద్‌లో కొందరు తిండి నుంచి మనసుకు పోయే దారిని రక్తపు చుక్కలో కొలిచి చూశారు.

నేను ఆ దారినే పట్టుకొని వెళ్లదలచాను. తిండి మనసును మార్చగలదనడానికి తిరుగులేని రుజువు ఉంది. అది పేదల ఒంటి మీద దొరికిన రుజువు. ఆ రుజువు ఎంత కష్టపడితే చేతికి వచ్చిందో తెలిస్తే, ఇవాళ సీసాల్లోనూ పొట్లాల్లోనూ మనకు అమ్మజూపుతున్న భరోసాలను ఎలా తూచాలో తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పెల్లాగ్రా విరుచుకుపడింది. నాలుగు దశాబ్దాల్లో సుమారు 30 లక్షల మంది జబ్బుపడ్డారని, లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. అక్కడి పిచ్చాసుపత్రుల వార్డుల్లో ఈ రోగులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఇది అంటువ్యాధి అని చాలామంది డాక్టర్లు గట్టిగా నమ్మారు. 1914లో ప్రభుత్వం ఈ జబ్బుకు కారణం వెతికే పనిని జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌కు అప్పగించింది. యూరప్ నుంచి వలస వచ్చిన ఒక యూదు కుటుంబంలో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగిన వైద్యుడాయన. అప్పటికే కొన్ని అంటువ్యాధుల మీద పనిచేసి, వాటి బారిన తానూ పడి లేచినవాడు.

ఆయన అనాథాశ్రమాలు, జైళ్లు, పిచ్చాసుపత్రులు తిరిగాడు. ఒక సంగతి ఆయన కంటబడింది. లోపల ఉన్నవాళ్లకు పెల్లాగ్రా వస్తోంది, రాత్రింబగళ్లు వాళ్లతోనే మెలిగే నర్సులకు, కాపలాదార్లకు రావడం లేదు. అంటువ్యాధి అయితే జీతగాళ్లను వదిలి ఖైదీలనే ఎందుకు పట్టుకుంటుంది? ఇద్దరి మధ్యా తేడా కంచంలో ఉంది. లోపలివాళ్లకు రోజూ మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కాస్త పంది కొవ్వు. మిసిసిపీ రాష్ట్రంలో జాక్సన్ ఊళ్లోని అనాథాశ్రమాల్లో పిల్లల తిండికి ఆయన పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు చేర్చాడు. పెల్లాగ్రా మాయమైంది.

తిరగేసి కూడా చూశాడు. 1915లో రాంకిన్ జైలు పొలంలో ఆరోగ్యంగా ఉన్న ఖైదీలను ఎంచుకొని, క్షమాభిక్ష ఇస్తామన్న మాట మీద, కొన్ని నెలలపాటు మొక్కజొన్న, బియ్యం, పాకం వంటి నాసి తిండి మాత్రమే పెట్టించాడు. పదకొండు మందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. ఇవాళ ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని ప్రయోగం అది, ఒప్పుకోకూడదు కూడా. విడుదల ఆశచూపి ఖైదీ చేత ఒప్పించడాన్ని సమ్మతి అనలేం. అయినా అంటువ్యాధి వాదులు వినలేదు. అప్పుడు గోల్డ్‌బర్గర్ రోగుల రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు, వాళ్ల చర్మపు పొలుసులను, మలాన్ని పిండిలో కలిపి మింగాడు. సహచరులు కొందరు ఆయనతో కలిశారు. ఆయన భార్య మేరీ కూడా రోగి రక్తాన్ని ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు వీటన్నిటికంటే గొప్పదనిపిస్తుంది. ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తను తోడు తీసుకొని, దక్షిణ కరొలైనాలోని బట్టల మిల్లు ఊళ్లలో ఇంటింటికీ ఆదాయం ఎంత, తిండి ఏమిటి, పెల్లాగ్రా ఎందరికి అని లెక్క తీయించాడు. రాబడి తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. అంటే దిగులుకు, మతిభ్రమణకు దారితీసే ఒక జబ్బు కుటుంబపు కూలిడబ్బుతో ముడిపడి ఉందని తేలింది. దక్షిణాది పెద్దలకు ఇది మింగుడుపడలేదు. తమ ప్రాంతం పేదదని చెప్పడం వాళ్లకు పరువు తక్కువగా తోచింది.

గోల్డ్‌బర్గర్ 1929లో చనిపోయాడు. తిండిలో లేనిదేమిటో ఆయనకు తెలియలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కల్లో పెల్లాగ్రా లాంటి నల్లనాలుక జబ్బును నికొటినిక్ ఆమ్లంతో నయం చేశాడు. దాన్నే మనం నయాసిన్ అంటున్నాం, బి విటమిన్లలో ఒకటి. మరుసటేడే టామ్ స్పీస్, ఆయన సహచరులు పెల్లాగ్రా రోగులకు దాన్ని ఇచ్చి, మానసిక లక్షణాలు తగ్గడాన్ని నమోదు చేశారు. మతి తప్పినవాళ్లు కొద్ది రోజుల్లోనే తేరుకొని మనుషులను గుర్తుపట్టారు. మనసు జబ్బును ఒక పోషకం నయం చేసిన ఉదాహరణల్లో ఇంత స్పష్టమైనవి వైద్యచరిత్రలో అరుదు.

ఇక్కడ కథ మళ్లీ ధాన్యం దగ్గరికి వస్తుంది, ముందు మొక్కజొన్న, ఆ తర్వాత జొన్న. మొక్కజొన్నలో నయాసిన్ లేకపోలేదు. అది మన పేగు విడదీయలేని రూపంలో బిగుసుకొని ఉంటుంది. మెక్సికో ప్రజలు వేల ఏళ్లుగా మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, ఆ తర్వాతే రుబ్బుతారు. సున్నం ఆ బంధాన్ని తెంచుతుంది. మొక్కజొన్న వాళ్ల దగ్గర్నుంచి ప్రపంచమంతా పాకింది, వండే పద్ధతి మాత్రం వెంట రాలేదు. మొక్కజొన్నకు రెండో లోటు కూడా ఉంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దానిలో తక్కువ. నయాసిన్ అందకపోతే మన ఒళ్లు ట్రిప్టోఫాన్ నుంచే దాన్ని తయారుచేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చుపెడితే ఒక మిల్లీగ్రాము నయాసిన్ వస్తుంది. అంటే చాలా ఖరీదైన బేరం.

మెదడు సెరటోనిన్‌ను తయారుచేసుకొనేది కూడా ఈ ట్రిప్టోఫాన్ నుంచే. చాలీచాలని జీతంతో నెల నెట్టుకొచ్చే ఇంట్లో ఒకరి మందులకు తీసిన డబ్బు ఇంకొకరి ఫీజుకు మిగలదు. ఒంట్లో ట్రిప్టోఫాన్ సంగతీ అంతే. కండలకు, నయాసిన్‌కు, సెరటోనిన్‌కు అన్నిటికీ అదే కావాలి. మాంసకృత్తులు తక్కువైన తిండి తినేవాడి మెదడుకు మిగిలేదెంత?

జొన్న మాత్రం పరిశోధకులను తికమక పెట్టింది. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువ కాదు. మరి జొన్న తినేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకు? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక ఊహను ముందుకు తెచ్చారు. జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదు ఎక్కువ. అది ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారిని చెడగొడుతోందని వాళ్ల వాదన. మిగతా దేశాల ప్రయోగశాలలు కొన్ని ఈ ఫలితాన్ని రాబట్టలేకపోయాయి, వాదం చాలా కాలం నడిచింది. హైదరాబాద్ పరిశోధకులే తర్వాత బి6 విటమిన్ పాత్ర మీద కూడా దృష్టి పెట్టారు. ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారు కావాలన్నా, సెరటోనిన్ తయారు కావాలన్నా బి6 సాయం కావాలి. లూసిన్ సిద్ధాంతం పూర్తిగా నిలిచిందని అనలేను. కానీ ఆ వాదన విజ్ఞానశాస్త్రం నడవవలసిన తీరులో నడిచింది. ఊహ, ప్రయోగం, కాదన్నవాళ్లు, మళ్లీ ప్రయోగం.

జొన్న మీద ఆధారపడటం తగ్గి, తిండిలో నాలుగు రకాలు చేరాక దక్కనులో పెల్లాగ్రా కనుమరుగవుతూ వచ్చింది. ఇప్పుడు నగరాల్లో జొన్నరొట్టె మళ్లీ గొప్పింటి తిండి అయింది. ఇందులో తప్పేమీ లేదు. పప్పుతో, ఆకుకూరతో, పెరుగుతో, గుడ్డుతో తినే జొన్నరొట్టె మంచి తిండి. ఆనాటి కూలీకి రొట్టెలోకి పచ్చికారం, ఉల్లిగడ్డ తప్ప ఏమీ ఉండేది కాదు. జబ్బుకు మూలం రొట్టె పక్కన ఏమీ లేకపోవడంలో ఉంది. ఈ తేడా మరిచి ఏ ఒక్క ధాన్యాన్నో పొగిడేవాళ్లను, తిట్టేవాళ్లను నేను సమానంగానే నమ్మను.

హైదరాబాద్ పరిశోధకులు దిగులును వెతకడానికి ప్లేట్‌లెట్లనే ఎందుకు పట్టుకున్నారు? బతికున్న మనిషి మెదడులో సెరటోనిన్ కొలవడం ఆ రోజుల్లో వీలయ్యే పని కాదు. ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను సొంతంగా తయారుచేయవు. రక్తంలో తేలుతూ పోతూ, దొరికినదాన్ని మూటగట్టుకుంటాయి. ఆ దొరికేది పేగు నుంచి వస్తుంది.

ఒంట్లోని సెరటోనిన్‌లో తొంభై శాతానికి పైగా జీర్ణకోశంలోనే ఉంది. నిజానికి దాన్ని మొదట కనిపెట్టింది కూడా అక్కడే. 1930లలో ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామెర్ పేగు లోపలి పొరలోని కణాల్లో ఒక పదార్థాన్ని పట్టుకొని ఎంటెరమిన్ అన్నాడు. 1948లో అమెరికాలో మారిస్ రాపోర్ట్ బృందం రక్తం నుంచి రక్తనాళాలను బిగించే ఒక పదార్థాన్ని వేరుచేసి సెరటోనిన్ అని పేరు పెట్టింది. రెండూ ఒకటేనని 1952లో తేలింది. అది మెదడులో కూడా ఉందని ఆ మరుసటేడు బెట్టీ ట్వారోగ్ చూపింది. పేగు, రక్తం, ఆఖరున మెదడు. మనం దాన్ని ఎరిగిన వరుస అదీ.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు ప్రచారంలో ఉంది. తొంభై శాతం సెరటోనిన్ పేగులోనే పుడుతోంది, కాబట్టి పేగును శుభ్రం చేస్తే సంతోషం పుడుతుందని. పేగులో పుట్టిన సెరటోనిన్ మెదడులోకి పోలేదు. మెదడు రక్తనాళాల గోడలు బిగువుగా ఉండి దాన్ని దాటనివ్వవు. దాటగలిగేది ట్రిప్టోఫాన్. మెదడు తన సెరటోనిన్‌ను తానే తయారుచేసుకోవాలి. పేగులో సెరటోనిన్ చేసే పని వేరు. అది పేగు కదలికలను నడుపుతుంది, విషం లోపలికి పోతే వాంతి రప్పిస్తుంది, పక్కనున్న నాడులను తట్టి లేపుతుంది. ఆ చివరి పనితోనే మెదడుకు సంబంధం కలుస్తుంది.

జీర్ణకోశం గోడల్లో కోట్ల కొద్దీ నాడీకణాలున్నాయి. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నాడులను తెంచి చూసినా, పేగు తన అలల కదలికను మానలేదు. దానికి సొంత బుద్ధి ఉందన్నమాట. మెదడుకు, పేగుకు మధ్య నడిచే పెద్ద రహదారి వేగస్ నాడి. అందులోని పోగుల్లో ఎనభై శాతానికి పైగా కింది నుంచి పైకి కబురు మోసేవే. పేగు చెప్పేది ఎక్కువ, వినేది తక్కువ.

అయినా వింటుంది. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి పేలి పొట్టలో గుండ్లు దిగాయి. ప్రాణం దక్కింది, కానీ జీర్ణాశయంలోకి తెరుచుకొన్న రంధ్రం పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఏళ్ల తరబడి ఆ రంధ్రంలోంచి చూస్తూ, ఆహారం ఎలా అరుగుతుందో రాసుకున్నాడు. ఆయన గమనించినవాటిలో ఒకటి, సెయింట్ మార్టిన్ కోపంతో ఉన్నప్పుడు జీర్ణాశయం పొర రంగు మారడం, అరుగుదల చెడటం. 1833లో వచ్చిన ఆ పుస్తకంతో బోమాంట్‌కు పేరొచ్చింది. చదువురాని ఆ పేద పడవ కూలీకి ఒంట్లో రంధ్రం మిగిలింది. తిండికీ మనసుకీ ముడివేసిన చరిత్రలో ఇలాంటి మనుషులు ఎక్కువ. వాళ్ల పేర్లను కూడా చెప్పుకోవడం మన ధర్మం.

దారి రెండువైపులా నడుస్తుందనడానికి ఒక ఊరు ఊరంతా సాక్ష్యం ఇచ్చింది. కెనడాలోని వాకర్టన్‌లో 2000 మే నెలలో తాగునీటిలోకి పశువుల పేడలోని సూక్ష్మజీవులు చేరాయి. సుమారు 2,300 మంది వాంతులు విరేచనాలతో మంచం పట్టారు, ఏడుగురు చనిపోయారు. వైద్య బృందం ఆ ఊరివాళ్లను ఎనిమిదేళ్లు వెంటాడి చూసింది. జబ్బు తగ్గిపోయాక కూడా చాలామందికి కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకం ఒకసారి, విరేచనం ఒకసారి, ఈ తంతు ఏళ్ల తరబడి సాగింది. దీన్నే ఐబీఎస్ అంటున్నాం. ఎవరికి ఎక్కువకాలం నిలిచిందంటే, ఆడవాళ్లకు, వయసులో చిన్నవాళ్లకు, అంతకుముందు ఆందోళన, కుంగుబాటు ఉన్నవాళ్లకు. ఆస్ట్రేలియాలో పన్నెండేళ్లు నడిచిన మరో అధ్యయనంలో, మొదట మనసు బాగాలేనివాళ్లలో కొందరికి తర్వాత పేగు చెడింది, మొదట పేగు చెడినవాళ్లలో కొందరికి తర్వాత ఆందోళన మొదలైంది.

మన ఇళ్లలో ఈ మాట చాలా అవసరం. కడుపు బాగోలేదని పది పరీక్షలు చేయించుకొని, అన్నీ మామూలుగానే ఉన్నాయని తేలాక, ‘ఏమీ లేదట, ఊరికే అంటోంది’ అని కోడలినో కూతురినో తీసిపారేసేవాళ్లను ఎందరిని చూడలేదు? పరీక్షలో ఏమీ దొరకలేదంటే నొప్పి లేదని కాదు. పేగుకూ మెదడుకూ మధ్య కబురు వికటించినా నొప్పి నిజంగానే వస్తుంది, దానికి చికిత్స ఉంది.

ఇక సూక్ష్మజీవుల సంగతి. మన పెద్దపేగులో వాటి లెక్క సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒంట్లోని మన కణాల సంఖ్యకు అది ఇంచుమించు సమానం. మనం అరిగించుకోలేని పీచు వాటికి తిండి. దాన్ని పులియబెట్టి అవి వదిలే చిన్న ఆమ్లాలు పేగు గోడను కాపాడతాయి, వాపును అదుపులో ఉంచుతాయి. పేగు కణాలు సెరటోనిన్ ఎంత తయారుచేయాలో కూడా కొంతవరకు వీటి చేతిలో ఉంది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో ఆ ఉత్పత్తి బాగా పడిపోతుందని 2015లో కాలిఫోర్నియాలో చూపారు.

అసలు ఈ రంగానికి ఊపు తెచ్చింది 2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో నోబుయుకి సూడో బృందం. సూక్ష్మజీవులు లేని ఎలుకలను కదలకుండా బంధిస్తే వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల కంటే ఎక్కువగా ఎగసిపడ్డాయి. పుట్టిన కొద్దికాలానికే ఒక రకం బాక్టీరియాను పేగులో చేర్చితే తీరు సర్దుకుంది. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జాన్ క్రయన్ బృందం ఎలుకలకు ఒక రకం లాక్టోబాసిల్లస్‌ను నాలుగు వారాలు తినిపించింది. వాటి బెదురు తగ్గింది. వేగస్ నాడిని తెంచిన ఎలుకల్లో మాత్రం ఏ మార్పూ రాలేదు. కబురు ఏ దారిన పోతోందో దీనితో దొరికింది. ఎంత అందమైన ప్రయోగమో!

అదే బాక్టీరియాను కార్క్ శాస్త్రవేత్తలే ఎనిమిది వారాల ప్రయోగంలో ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి గుళికలు మింగినప్పటికీ, బాక్టీరియా మింగినప్పటికీ మధ్య ఒత్తిడి విషయంలో తేడా కనబడలేదు. 2017లో ఆ సంగతిని దాచకుండా అచ్చువేశారు. ఎలుక బెదురు తగ్గిన వార్త ప్రపంచమంతా తిరిగింది. మనిషికి పనిచేయలేదన్న వార్త అంతదూరం పోలేదు. ప్రోబయాటిక్ పొట్లం కొనేముందు ఈ రెండో వార్త కూడా చదవాలి. పెల్లాగ్రా విషయంలో గోల్డ్‌బర్గర్ తిండి చేర్చి చూశాడు, తీసి చూశాడు, తన ఒంటి మీద పరీక్షించుకున్నాడు, ఊళ్లకు ఊళ్లు లెక్కగట్టాడు. మనసును బాగుచేస్తామని అట్ట మీద రాసుకొన్న సీసాల్లో చాలావాటి వెనుక అందులో పదో వంతు శ్రమ కూడా లేదు.

మరి మొత్తం తిండిని మారిస్తే? దీనికి కొంత మంచి జవాబే ఉంది. ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా బృందం కుంగుబాటుతో బాధపడుతూ, తిండి కూడా నాసిగా ఉన్న 67 మందిని రెండు జట్లు చేసింది. చాలామంది అప్పటికే మందులో, కౌన్సెలింగో తీసుకుంటున్నారు, అవి అలాగే సాగాయి. ఒక జట్టుకు పోషకాహార నిపుణులు దగ్గరుండి తిండి మార్పించారు. పప్పులు, కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యం, చేపలు, గింజలు పెంచి, మిఠాయిలు, వేపుళ్లు, కూల్‌డ్రింకులు తగ్గించారు. రెండో జట్టు దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి అంతే సేపు స్నేహంగా మాట్లాడి వచ్చారు. పన్నెండు వారాల తర్వాత మొదటి జట్టులో 32 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు, రెండోదానిలో 8 శాతం. 2017లో ఈ ఫలితాలు వచ్చాయి. చిన్న అధ్యయనం, తాము ఏ జట్టో పాల్గొన్నవాళ్లకు తెలిసే వీలుంది, కాబట్టి ఆశ కూడా కొంత పని చేసి ఉండవచ్చు. అయినా కొట్టిపారేయలేని తేడా అది.

దాని పక్కనే ఇంకోటి పెట్టి చూడాలి. యూరప్‌లో నాలుగు దేశాల్లో, బరువు ఎక్కువై కాస్త దిగులు లక్షణాలు ఉన్న 1,025 మందితో ఏడాదిపాటు ఒక పెద్ద ప్రయోగం నడిచింది. ఒమేగా-3, సెలీనియం, ఫోలిక్ ఆమ్లం, డి విటమిన్ కలిపి గుళికలుగా ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం, గుళికలు కుంగుబాటును ఆపలేదు. లోటు ఉన్నవాడికి పోషకం ఇస్తే మనిషి తేరుకుంటాడు, పెల్లాగ్రా అది చెప్పింది. లోటు ఉందో లేదో చూడకుండా అందరికీ గుళికలు పంచితే దక్కేది తక్కువ.

కాబట్టి మన ఇళ్లలో అడగవలసింది, నా ఒంట్లో ఏ లోటు ఉందని. తెలుగు ఇళ్లలో నేను మొదట అనుమానించేది బి12ను. అది మొక్కల తిండిలో దాదాపు దొరకదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు తప్ప దారి లేదు. తిన్నా, జీర్ణాశయం విడుదల చేసే ఒక మాంసకృత్తిని జతచేసుకొని, చిన్నపేగు చివరి భాగంలో మాత్రమే అది ఒంటికి పడుతుంది. వయసు మళ్లినవాళ్లలో, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగేవాళ్లలో, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఈ దారి దెబ్బతింటుంది. లోటు వచ్చినవాళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు, దిగులు రావచ్చు, కొన్నిసార్లు మతి చలించవచ్చు కూడా. ‘పెద్దాయనకు చాదస్తం ఎక్కువైంది’ అని సరిపెట్టుకొనేముందు ఒక్క రక్తపరీక్ష చేయించడం ఎంత పని?

ఫోలిక్ ఆమ్లం సంగతి వచ్చేసరికి మనవాడే ఒకడు గుర్తుకు రావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నాడు. చిన్నపేగు పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టక, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. తానూ దాని బారిన పడి బతికి బయటపడ్డాడు. అమెరికా వెళ్లి, లెడర్లె సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల మీద దాన్ని పరీక్షించి చూసినవాళ్లలో పెల్లాగ్రా రోగులకు నయాసిన్ ఇచ్చిన ఆ టామ్ స్పీసే ఉన్నాడు. 1948లో సుబ్బారావు చనిపోయాడు. పేగు చెడితే ఒళ్లూ మనసూ ఎలా కూలిపోతాయో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

మన కంచం విషయానికొస్తే, కొత్తగా దిగుమతి చేసుకోవలసిందేమీ నాకు కనబడదు. పాలిష్ పట్టిన తెల్లన్నం గుట్టలా పోసుకొని, మీద నాలుగు చుక్కల చారు పోసుకొని, పక్కన వేపుడు ముక్క పెట్టుకొనే అలవాటును మార్చాలి. అన్నం తగ్గి పప్పు గట్టిపడాలి. ముద్దపప్పు, ఆకుకూర పప్పు, అలసందలు, ఉలవలు, శనగలు, వేరుశనగ పలుకులు ట్రిప్టోఫాన్‌నూ పీచునూ కూడా ఇస్తాయి. పెరుగు ఎలాగూ మనకుంది. రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెట్టిన చద్దన్నం, గోదావరి జిల్లాల తరవాణి, తెలంగాణ అంబలి, పులియబెట్టిన దోసెల పిండి, ఇవి ఏ సీసాకూ తీసిపోవు. స్టాన్‌ఫర్డ్‌లో 2021లో 36 మందితో జరిగిన అధ్యయనంలో, పులిసిన పదార్థాలు ఎక్కువ తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే పదార్థాలు తగ్గాయి. దానితో దిగులు పోతుందని ఎవరూ చూపలేదు, నేనూ చెప్పను. ఒంటికి మంచిదని మాత్రం చెప్పగలను. తరవాణి నీళ్లను రేకు డబ్బాలో పోసి అమ్మేరోజు వచ్చినా రావచ్చు, అప్పటిదాకా ఆగనక్కర్లేదు.

కడుపునిండా తిండి లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆర్నెల్లపాటు సగం కడుపుకే తిండి పెట్టాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. చిక్కిపోవడంతోపాటు వాళ్లలో చాలామంది చిరాకుపడ్డారు, కుంగిపోయారు, తోటివాళ్లకు దూరంగా ముడుచుకున్నారు. బరువు తగ్గాలని పదహారేళ్ల పిల్ల రాత్రి భోజనం మానేసి రోజంతా విసుక్కుంటుంటే, తల్లిదండ్రులు ఆ పిల్ల కంచం వైపు కూడా ఒకసారి చూడాలి. హాస్టల్లో పలుచని పప్పునీళ్లతో నెట్టుకొచ్చే పిల్లల ముభావాన్ని చదువు ఒత్తిడి ఒక్కదాని ఖాతాలోనే వేయకూడదు. గోల్డ్‌బర్గర్ అనాథాశ్రమంలో పిల్లలకు పాలు, గుడ్లు, చిక్కుడు గింజలు పెట్టాడు. మన బడిపిల్లల భోజనంలో గుడ్డు, పప్పు గట్టిగా ఉండాలన్న డిమాండ్ మానసిక ఆరోగ్యపు డిమాండ్ కూడా.

చివరిగా, దిగులుతో ఉన్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు. తిండి మార్చుకోండి, కానీ డాక్టరు ఇచ్చిన మందులను తిండి కోసం ఆపకండి. జాకా అధ్యయనంలో పాల్గొన్నవాళ్లలో చాలామంది చికిత్స కూడా కొనసాగించారు. ‘నువ్వు సరిగ్గా తినకే ఇలా అయ్యావు’ అని బాధపడేవాళ్ల మీద నేరం మోపకండి, కుంగుబాటులో ఆకలి చచ్చిపోవడం ఆ జబ్బు లక్షణమే. రెండు వారాలు దాటినా మనిషి తేరుకోకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, బి12, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.